పదహారడుగుల పడవ, పదిహేను రోజుల సెలవు

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని మన పెద్దవాళ్ళు అంటుంటారు. మనిషి దశ తిరగడం గురించిన సామెత అది. దాని వెనకున్న అసలు బొమ్మ ఏంటో ఎప్పుడైనా ఆలోచించారా? ఒడ్డు మీద ఉన్నంతసేపూ పడవని బండి మోస్తుంది, నీళ్ళలోకి దిగాక బండిని పడవ మోస్తుంది. అంతే, చాలా మామూలు బొమ్మ. కానీ పడవ బండెక్కడం అనే ఈ చిన్న పని వల్ల ఇంగ్లాండులో, అమెరికాలో మామూలు ఉద్యోగస్తుల జీవితాల్లోకి సముద్రం ఎలా వచ్చిందో చూస్తే మాత్రం అది సామెత కన్నా పెద్ద కథ. నాకు చాలా ఇష్టమైన చరిత్ర ఇది, అందుకే చెప్పాలనిపించింది.

సముద్రం అనగానే మన చరిత్ర పుస్తకాల్లో వచ్చేది వాస్కోడగామా, కొలంబస్, తర్వాత ఈస్టిండియా కంపెనీ. అందరూ ఏదో ఒకటి పట్టుకోడానికి పోయినవాళ్ళే. మిరియాలో, బంగారమో, రాజ్యమో. ఏమీ అక్కర్లేకుండా, ఎండాకాలం సెలవుల్లో సరదాకి చిన్న తెరచాప పడవ వేసుకుని నాలుగు ఊళ్ళు తిరిగొచ్చినవాళ్ళ గురించి ఎవరు రాస్తారు? కానీ నాలాంటి వాడికి, అంటే ప్రాజెక్టు రిలీజుకీ రిలీజుకీ మధ్య ఎన్ని లీవులు మిగిలాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకునే వాడికి, వాస్కోడగామా కన్నా వీళ్ళే దగ్గరి చుట్టాల్లా కనిపిస్తారు.

పందొమ్మిదో శతాబ్దంలో యాట్ అంటే ధనవంతుల వస్తువు. ఎందుకో కాస్త ఇంజనీరు బుర్రతో చూద్దాం. సముద్రం మీద గాలికి పడవ పక్కకి ఒరిగిపోకుండా ఉండాలంటే అడుగున బరువు కావాలి. దానికోసం లోతుగా దిగే సీసపు కీల్ పెడతారు. కీల్ లోతుగా ఉంటే ఒడ్డుకి రాలేదు, కాబట్టి రేవు కావాలి. రేవులో ఏడాది పొడుగునా ఉంచాలంటే అద్దె కట్టాలి. పెద్ద తెరచాపలు లాగడానికి జీతమిచ్చి నావికుల్ని పెట్టుకోవాలి. పైగా పడవ ఒక రేవులో ఉంటుంది కాబట్టి, దూరపు తీరం చూడాలంటే అక్కడిదాకా సముద్రం మీదే పోవాలి, మళ్ళీ సముద్రం మీదే రావాలి. దానికి నెలలు పడుతుంది. అంటే డబ్బు, చోటు, తీరిక, ఈ మూడు తాళాలూ తీస్తే తప్ప సముద్రం తలుపు తెరుచుకోదు. మిగతా కథంతా ఈ తాళాలు ఒక్కొక్కటీ ఎలా ఊడాయన్నదే.

మొదటి దెబ్బ కొట్టినవాడు జాన్ మెక్‌గ్రెగర్ అనే లాయరు. 1865 వేసవిలో ఆయన రాబ్ రాయ్ అనే పేరు పెట్టిన చిన్న పడవలో యూరప్ నదుల మీద షికారు బయల్దేరాడు. పడవ పొడుగు 15 అడుగులు, బరువు 80 పౌండ్లు, అంటే 36 కిలోలు. రెండు వైపులా తిప్పే తెడ్డు ఒకటి, గాలి కలిసొస్తే ఎత్తడానికి వెదురు కొయ్యకి కట్టిన చిన్న తెరచాప ఒకటి. రైన్, డాన్యూబ్, స్విట్జర్లాండు సరస్సులు, సీన్, ఇలా ఒక నది నుంచి ఇంకో నదికి మారుతూ తిరిగాడు. నదులన్నీ ఒకదానికొకటి కలిసి ఉండవు కదా, ఎలా మారాడు? అక్కడే ఉంది మజా. పడవని రైలెక్కించాడు! రైలు లేనిచోట ఎడ్లబండెక్కించాడు, బండి దొరక్కపోతే మనుషుల చేత మోయించాడు. మర్నాటి ఏడాది ఆయన రాసిన ప్రయాణం పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. 1866లోనే ఇంగ్లాండులో కనూ క్లబ్బు పెట్టారు, కొన్నేళ్ళకి దానికి రాయల్ అనే బిరుదు కూడా వచ్చింది. ట్రెజర్ ఐలండ్ రాసిన స్టీవెన్సన్ తన మొదటి పుస్తకం రాసింది కూడా ఇలాంటి పడవ ప్రయాణం గురించే. 1876లో బెల్జియం, ఫ్రాన్సు కాలవల్లో తిరిగి, 1878లో ఆ పుస్తకం అచ్చేయించాడు.

మెక్‌గ్రెగర్ చేసిన పనిలో గొప్పదనం ధైర్యం కాదని నా అభిప్రాయం. నదుల మీద తెడ్డేసుకుంటూ పోవడానికి అంత ధైర్యం అక్కర్లేదు. పడవని సామానుగా చూడటం ఆయన గొప్పదనం. అప్పటిదాకా పడవ అంటే ఒక చోటు, దాని దగ్గరికి మనం పోవాలి. ఆయనకి పడవ అంటే పెట్టె, మనతో తీసుకుపోవచ్చు. ఈ చిన్న మార్పుతో చోటు అనే తాళం సగం ఊడింది. 1883లో హల్ అనే రేవు పట్నంలో హంబర్ యాల్ క్లబ్ అని ఒకటి పుట్టింది. ఆ క్లబ్బువాళ్ళు కనూకి, అసలు తెరచాప పడవకి మధ్యరకంగా చిన్న పడవలు కట్టించుకుని, యూరప్ పోయే స్టీమర్ల మీద సామానుగా వేసి, అవతల దించుకుని తిరిగేవారు. పెద్ద ఓడ చిన్న ఓడని మోసిందన్నమాట.

అయితే ఇవన్నీ ఇంకా లాయర్లు, వ్యాపారస్తులు, చిత్రకారుల ముచ్చట్లే. ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి, దుకాణంలో గుమాస్తాకి జీతంతో కూడిన సెలవు అనేదే చాలామందికి లేదు. బ్రిటన్‌లో జీతంతో సెలవుల చట్టం వచ్చింది 1938లో. అది కూడా ఏడాదికి ఒక వారం గురించే. వెంటనే యుద్ధం వచ్చిపడింది కాబట్టి ఆ సెలవుల రుచి జనానికి తెలిసింది 1945 తర్వాతే. తర్వాత పదేళ్ళలో వారం కాస్తా రెండు వారాలైంది. తీరిక అనే తాళం అలా ఊడింది. సాహసాల చరిత్రలో ఈ చట్టం పేరు ఎవరూ రాయరు. కానీ లీవు లేకుండా సాహసం ఎక్కడిదండీ?

ఇక డబ్బు. ఈ తాళం తీసింది విచిత్రంగా యుద్ధమే. పాతకాలం పడవ అంటే ఒక్కో పలకనీ వంచి, మేకులు కొట్టి, సందులు పూడ్చి కట్టాలి. చెయ్యి తిరిగిన వడ్రంగి కావాలి, నెలలు పట్టేది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో అల్యూమినియం కరువు భయంతో మస్కీటో అనే బాంబర్ విమానాన్ని ఏకంగా చెక్కతో కట్టారు. పల్చటి చెక్క పొరల్ని గట్టి జిగురుతో అతికించి చేసిన విమానం అది. యుద్ధం అయిపోయాక ఆ జిగురు విద్యా, నీటికి చెడని ప్లైవుడ్డూ పడవల వాళ్ళ చేతికొచ్చాయి. ప్లైవుడ్ పడవ తేలిగ్గా ఉంటుంది, సందుల్లోంచి నీళ్ళు కారవు, అన్నిటికన్నా ముఖ్యం, ఒడ్డున ఎండలో పెట్టినా పలకల పడవలాగా బీటలు తీసి పాడవదు. అంటే ఇంటి వెనక పెరట్లో పెట్టుకోవచ్చు. రేవు అద్దె మిగిలింది.

చివరగా బండి. 1950లో బ్రిటన్‌లో సుమారు 20 లక్షల కార్లుండేవి, 1970 నాటికి కోటి దాటాయి. మొదటి మోటార్‌వే ముక్క 1958లో తెరిచారు. కారు వెనక కొక్కేనికి రెండు చక్రాల ట్రెయిలర్ తగిలించి, దాని మీద పడవ కట్టుకుంటే శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరి శనివారం పొద్దున ఏ తీరంలో కావాలంటే ఆ తీరంలో దించుకోవచ్చు. ఇంతకుముందు రెండు వారాల సెలవులో సగం రేవు నుంచి బయటపడి నచ్చిన చోటికి చేరడానికే సరిపోయేది. ఇప్పుడు రోడ్డు మీద ఒక్క రోజులో అయిపోతుంది.

ఈ అన్నీ కలిసొచ్చిన సమయానికి, 1957లో, ఇయాన్ ప్రోక్టర్ అనే డిజైనరు వేఫేరర్ అని ఒక పడవ గీశాడు. వేఫేరర్ అంటే బాటసారి. పొడుగు 15 అడుగుల 10 అంగుళాలు, అంటే దాదాపు ఒక ఇన్నోవా కారంత. పడవ ఒంటి బరువు 169 కిలోలు, మన బుల్లెట్ బండి కన్నా తక్కువే. పైన గది లేదు, కప్పు లేదు, తెరిచిన దొన్నెలాగా ఉంటుంది. కీల్ బదులు మధ్యలో పైకీ కిందికీ జరిపే పలక ఒకటి, దాన్ని సెంటర్‌బోర్డు అంటారు. దించితే నాలుగడుగుల లోతుకి పోయి పడవని పక్కకి కొట్టుకుపోకుండా ఆపుతుంది. పైకి లాగేస్తే పడవకి జానెడు లోతు నీళ్ళు చాలు. ముందూ వెనకా మూసిన అరలుంటాయి. అందులో బట్టలు, తిండి పెట్టుకోవచ్చు, పడవ తిరగబడినా ఆ అరల్లోని గాలి దాన్ని మునగనివ్వదు. మరి అడుగున బరువు లేకుండా ఒరిగిపోదా? పోతుంది. అందుకే మనుషులే బరువు. గాలి ఎటు నెడితే దానికి ఎదురువైపు అంచు మీద కూర్చుని వెనక్కి వాలాలి. నావికుడే కౌంటర్ వెయిట్ అన్నమాట.

సరస్సుల్లో తిరగడానికీ, బడిపిల్లలకి నేర్పడానికీ, తీరం వెంబడి కుటుంబంతో షికార్లకీ అనుకున్న పడవ అది. అలాంటిదాన్ని తీసుకుని ఉత్తర అట్లాంటిక్ మీదికి పోయినవాడు ఫ్రాంక్ డై. ఇంగ్లాండులో నార్‌ఫక్ మనిషి, కుటుంబానికి కార్లమ్మే వ్యాపారం. ఆయన వేఫేరర్ వరస నంబరు 48, పేరు వాండరర్. 1963 వేసవిలో ఒక తోడుతో కలిసి స్కాట్లాండు ఉత్తరపు కొసనున్న కిన్‌లాక్‌బర్వీ నుంచి బయల్దేరి, సుమారు 650 మైళ్ళు పోయి ఐస్‌లాండు చేరాడు. 11 రోజులు పట్టింది. పైన కప్పు లేని పడవలో, ఒకరు చుక్కాని పట్టుకుంటే ఇంకొకరు పడవ అడుగున తడిసిన బట్టల్లోనే నడుం వాలుస్తూ, స్టవ్ వెలిగించగలిగినప్పుడు ఏదో ఒకటి వేడి చేసుకుని తింటూ పోయారు.

మర్నాటి ఏడాది, 1964లో, స్కాట్లాండు నుంచి ఫారో దీవుల మీదుగా నార్వేకి. ఈసారి నడి సముద్రంలో తుఫాను పట్టుకుంది. నావికుల లెక్కలో 9వ నంబరు గాలి, అంటే గంటకి 75 నుంచి 88 కిలోమీటర్లు. పడవ నాలుగుసార్లు తిరగబడింది. తెరచాప కొయ్య విరిగింది. ప్రతిసారీ నీళ్ళలోంచి ఈదుకుంటూ వచ్చి పడవని మళ్ళీ నిలబెట్టి, బకెట్లతో నీళ్ళు తోడి, గాలి తగ్గాక విరిగిన కొయ్య ముక్కతోనే ఏదో ఒక తెరచాప కట్టుకుని నార్వే చేరారు. ఆ ప్రయాణంలో తీసిన సినిమా రీళ్ళతో తర్వాత ఒక డాక్యుమెంటరీ తయారైంది. దాని పేరేంటో తెలుసా? సమ్మర్ క్రూజ్. అంటే ఎండాకాలం షికారు :-)

ఈ కథ విన్న ఎవరికైనా రెండే అభిప్రాయాలు వస్తాయి. ఒకటి, అబ్బ ఎంత ధైర్యం. రెండు, ఇదేం పిచ్చి. నాకు రెండూ సరిపోవనిపిస్తుంది. డై ఎలా బతికాడో చూడండి. ఆయన పడవలో తెరచాప కొయ్యని సముద్రం మీదే దించేసే ఏర్పాటుంది. గాలి మితిమీరితే కొయ్య దించేసి, ముందు నుంచి తాడుకి కట్టిన గుడ్డ లంగరొకటి నీళ్ళలోకి వదిలేవాడు. అది నీళ్ళలో పారాచూట్‌లాగా తెరుచుకుని పడవ ముక్కుని అలలకి ఎదురుగా పట్టి ఉంచుతుంది. పైన కాన్వాసు గుడ్డ కప్పుకుని, గాలి తగ్గేదాకా కింద పడుకోవడమే. ఇవన్నీ ఐస్‌లాండు పోయేముందు తీరం దగ్గర, చలిలో, మళ్ళీ మళ్ళీ చేసి చూసుకున్న పద్ధతులు. ముందు చిన్న దూరాలు, ఆ తర్వాతే పెద్దవి. మన భాషలో చెప్పాలంటే టెస్టింగ్ చెయ్యకుండా ప్రొడక్షన్‌కి పోలేదు. రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా అసలే పోలేదు.

అలాగని తప్పేమీ లేదనీ నేననను. 1964లో ఇంకో గంట గాలి ఎక్కువ వీచినా ఈ కథ చెప్పుకోడానికి ఎవరూ మిగిలేవారు కాదు. ఇది చూసి ఏమీ నేర్చుకోకుండా బయల్దేరేవాళ్ళ సంగతేంటి, వాళ్ళని కాపాడటానికి పోయేవాళ్ళ సంగతేంటి అనే ప్రశ్న చాలా న్యాయమైనదే. బ్రిటన్ తీరంలో కాపాడటానికి వచ్చే లైఫ్‌బోట్ సంస్థ 1824లో పుట్టింది. అందులో ఎక్కువమంది జీతం తీసుకోని వాలంటీర్లు. నా సరదా కోసం అలాంటి మనిషి అర్ధరాత్రి నిద్ర లేచి తుఫానులోకి రావాలా? ఈ ప్రశ్నకి డై తరహా మనుషులు నమ్మిన జవాబు ఒక్కటే: సముద్రం మీద నీకు నువ్వే దిక్కు అనుకుని తయారవ్వు, అలా తయారవ్వలేకపోతే పోవద్దు. భార్య మార్గరెట్‌తో కలిసి ఆయన తర్వాత ఎన్నో తీరాలు తిరిగాడు. చిన్న పడవలో క్షేమంగా, హాయిగా ఎలా తిరగాలో మార్గరెట్ ఒక పుస్తకం కూడా రాసింది. చాలామందికి ఐస్‌లాండు కథ కన్నా ఆ పుస్తకమే ఎక్కువ పనికొచ్చి ఉంటుందని నా నమ్మకం. ఫ్రాంక్ డై 2010లో పోయాడు, 80 దాటాక, మంచం మీద కాలం చేసే వయసులో.

ఇదే కాలంలో అట్లాంటిక్ అవతల ఇంకో ఉద్యోగస్తుడి కథ. రాబర్ట్ మాన్రీ, అమెరికాలో క్లీవ్‌లాండ్ పట్నంలో ప్లెయిన్ డీలర్ అనే పేపర్లో కాపీ ఎడిటరు. పుట్టింది మన దేశంలోనే, ముస్సోరీ పక్కనున్న లాండోర్‌లో, తల్లిదండ్రులు మిషనరీలు. 1958లో ఒక పాత పడవ కొన్నాడు, పదమూడున్నర అడుగులది. బాగుచేసి, తర్వాత దాని మీద మనిషి దూరేంత చిన్న గది కట్టి, టింకర్‌బెల్ అని పేరు పెట్టాడు. పెళ్ళాం పిల్లలతో దగ్గర్లోని సరస్సుల్లో కొన్ని వేసవులు తిరిగాడు. 1965లో ఆఫీసులో సెలవు పెట్టి, ఒక మిత్రుడి పెద్ద పడవలో తోడుగా అట్లాంటిక్ దాటాలనుకున్నాడు. మిత్రుడు మానుకున్నాడు. మాన్రీ మానుకోలేదు. ఒక్కడే టింకర్‌బెల్‌లో పోదామని నిశ్చయించుకున్నాడు, ఆఫీసులో మాత్రం ఆ మార్పు చెప్పలేదు. చెప్తే ఆపుతారని భయం. లీవు లెటర్లో అసలు కారణం రాయకపోవడం మన దగ్గరే పుట్టిందనుకునేవాళ్ళు గమనించగలరు.

జూన్ 1న మసాచుసెట్స్‌లోని ఫాల్మత్ నుంచి బయల్దేరి, 78 రోజుల తర్వాత ఆగస్టు 17న ఇంగ్లాండులోని ఫాల్మత్ చేరాడు. అప్పటికి 47 ఏళ్ళు. మధ్యలో అలలు ఆయన్ని పలుమార్లు పడవ మీదనుంచి నీళ్ళలోకి విసిరేస్తే నడుముకి కట్టుకున్న తాడు పట్టుకుని వెనక్కెక్కాడు. నిద్ర లేక, ఎవరో పడవలోకి వచ్చినట్టు భ్రమలు కూడా కలిగాయి. తీరం చేరేసరికి వేలాదిమంది జనం, వందల పడవలు ఎదురొచ్చాయి. ఆ జనం ఎవరిని చూడటానికి వచ్చారు? అది ప్రపంచ రికార్డు మనిషి కోసం వచ్చిన గుంపు అని నాకనిపించదు. ఏళ్ళ తరబడి డెస్కు దగ్గర కూర్చుని ఇంకొకళ్ళ వార్తల్లో కామాలు దిద్దిన మనిషి ఒక్క ఎండాకాలం లేచి బయటికి పోయాడు. గుంపులో ప్రతివాడికీ ఒక డెస్కు ఉండే ఉంటుంది కదా.

ఇలాంటి పెద్ద కథలు పేపర్లలో వస్తాయి. కానీ చరిత్రని మార్చింది వీటి నీడలో జరిగిన చిన్న షికార్లు. 1963లో డైలీ మిర్రర్ పత్రిక ఒక పడవని ఇంట్లోనే కట్టుకునే కిట్టుగా అమ్మకానికి పెట్టింది. టీవీలో ఇంటిపనులు ఎలా చేసుకోవాలో చూపించే బ్యారీ బక్నెల్, జాక్ హోల్ట్ అనే డిజైనరు కలిసి తయారుచేశారు. పేరు మిర్రర్, పొడుగు దాదాపు 11 అడుగులు, తెరచాపలు ఎర్రవి. ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. కోసిన ప్లైవుడ్ ముక్కల అంచుల్ని రాగి తీగతో బట్ట కుట్టినట్టు కుట్టి, ఆ కుట్ల మీద ఫైబర్‌గ్లాస్ పట్టీ, రెసిన్ పూసెయ్యడమే. వడ్రంగం రాకపోయినా పర్లేదు, గ్యారేజి ఉంటే చాలు. ఇలాంటివి 70 వేలకి పైగా తయారయ్యాయి. తండ్రీ పిల్లలూ చలికాలమంతా కలిసి కట్టుకుని వేసవిలో కారు మీద వేసుకుపోయారు. 1990ల చివర్లో మెకినన్ అనే ఒక బడి పంతులు మిర్రర్ పడవలోనే ఇంగ్లాండు కాలవల్లో మొదలెట్టి, యూరప్ అడ్డంగా దాటి, డాన్యూబ్ మీదుగా నల్లసముద్రం దాకా పోయాడు. మెక్‌గ్రెగర్ మునిమనవడన్నమాట, రక్తసంబంధం లేకపోయినా.

అమెరికాలో ఇంకో చమత్కారం చేశారు. అక్కడి కుటుంబాలకి లోపల పడుకోడానికి గది కావాలి. గదున్న పడవకి అడుగున బరువు కావాలి, బరువుంటే కారు లాగలేదు. దీనికి 1980ల్లో మెక్‌గ్రెగర్ 26 అనే పడవలో (ఈ మెక్‌గ్రెగర్ వేరే) వాడిన ఉపాయం నీళ్ళు. పడవ అడుగున ఖాళీ ట్యాంకు. రోడ్డు మీద ఖాళీగా పోతుంది, నీళ్ళలోకి దింపాక కవాటం తిప్పితే ట్యాంకు నిండి అదే బరువైపోతుంది. తిరిగి ట్రెయిలరెక్కేటప్పుడు నీళ్ళు వదిలెయ్యడమే. మోసుకుపోవాల్సిన బరువుని ఎక్కడికి పోతామో అక్కడే తీసుకోవడం! ఇంత చక్కటి డిజైను చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మరి దీనికీ మనకీ ఏం సంబంధం? ఒక చిన్న తాడుంది. 1969లో కెనడాలో ఇయాన్ బ్రూస్ అనే ఆయన ఫోన్ చేసి, కారు పైన వేసుకుపోగలిగే పడవ ఒకటి గీసిపెట్టమని బ్రూస్ కర్బీ అనే డిజైనర్ని అడిగాడు. ఫోన్లో మాట్లాడుతూనే కర్బీ గీసిన గీతలోంచి పుట్టింది లేజర్ పడవ. మొదట దానికి వీకెండర్ అని పేరు పెట్టారు, తెరచాప మీద ఇంగ్లీషులో నాలుగక్షరాలు వేశారు. "దేవుడా, శుక్రవారమొచ్చింది" అని అర్థం. మన ఆఫీసుల్లో శుక్రవారం మధ్యాహ్నం మెయిళ్ళలో తిరుగుతుందే, అదే! 1971 నుంచి లేజర్ పేరుతో అమ్మారు, 1996లో ఒలింపిక్స్‌కెక్కింది. ఆ లేజర్లే మన హుస్సేన్ సాగర్ మీద, హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీల్లో, ఏళ్ళ తరబడి తిరిగాయి. నెక్లెస్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని తెల్ల తెరచాపల్ని చూసినవాళ్ళు, శుక్రవారం సాయంత్రం కోసం పుట్టిన పడవ అదని గుర్తుంచుకోండి.

కానీ హుస్సేన్ సాగర్‌లో పోటీలున్నాయి గానీ, వేసవి సెలవుల్లో పడవ బండి మీద వేసుకుపోయి భీమిలిలోనో, పులికాట్‌లోనో, గోదావరి పాయల్లోనో నాలుగు రోజులు తిరిగొచ్చే కుటుంబం మన దగ్గర కనపడటం అరుదు. ధైర్యం లేక కాదు. రేవు అక్కర్లేని పడవ, అలల్లోంచి నేరుగా ఇసుక మీదికి వచ్చే పడవ మనకి కొత్తేమీ కాదు, మన తీరంలో దాన్ని తెప్ప అంటారు. దుంగలు తాళ్ళతో కట్టి సముద్రంలోకి పోయి, వచ్చాక విప్పి ఇసుక మీద ఆరేసేవారు. ఇంగ్లీషువాళ్ళ కాటమరాన్ అనే మాట పక్కనున్న తమిళం కట్టుమరం నుంచే పోయింది. తర్వాత మన జాలర్లకీ ఫైబర్ పడవలొచ్చాయి. అక్కడ ఒకడికి సెలవు సరదా తెచ్చిన ఫైబర్‌గ్లాసే ఇక్కడ ఇంకొకడి కూడు అయింది. మన సముద్రానికి రెండే ముఖాలు మిగిలాయి: జాలరికి బతుకుతెరువు, మిగతావాళ్ళకి బీచిలో మొక్కజొన్న పొత్తు, తుఫాను హెచ్చరిక. ఈ రెంటి మధ్యా ఇంకో ముఖం ఉండొచ్చనేది మనకింకా అలవాటు కాలేదు.

ఇది డబ్బున్నోళ్ళ ముచ్చట కదా, దీనికింత చరిత్రెందుకు అని అడగొచ్చు. సరిగ్గా ఆ మాటే 1860ల్లో ఇంగ్లాండులోనూ అనుకున్నారు. అప్పటికి అది నిజం కూడా. దాన్ని అబద్ధం చేసింది వీరులు కాదు. ఒక సెలవుల చట్టం, ఒక రకం జిగురు, ఒక కొక్కెం, రెండు చక్రాలు. వీటిలో మన దగ్గర ఇప్పుడు లేనిది ఏమిటి? కార్లున్నాయి, రోడ్లున్నాయి, ఫైబర్ పడవలు మన ఊళ్ళలోనే తయారవుతున్నాయి. సెలవు కూడా ఉంది, మనం వాడుకోకుండా ఏడాది చివర ఎన్‌క్యాష్ చేసుకుంటాం గానీ.

లేనిది నేర్పేవాళ్ళు, దింపుకోడానికి నాలుగు ఏటవాలు గట్లు, ఆపదలో వచ్చే పడవలు. పెద్ద రేవులు కట్టక్కర్లేదు, మెరీనాలు అక్కర్లేదు. ఈ విద్య నేర్పడానికి మన తీరంలో జాలరి పేటల్లో ఉన్నవాళ్ళ కన్నా గొప్ప గురువులు ఎక్కడ దొరుకుతారు? గాలి వాసన చూసి రేపటి సంగతి చెప్పేవాళ్ళు వాళ్ళు. వేట నిషేధం ఉండే రెండు నెలల్లో, సముద్రం బాగున్న రోజులు చూసుకుని, వాళ్ళకి ఫీజిచ్చి మనం నేర్చుకుంటే ఎలా ఉంటుంది? సరిగ్గా పిల్లలకి ఎండాకాలం సెలవులొచ్చేది కూడా అప్పుడే.

డై పడవ వాండరర్ ఇప్పుడు ఇంగ్లాండు ఫాల్మత్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం కార్న్‌వాల్‌కి చేరింది. మాన్రీ వచ్చి ఆగిన ఊరే అది. మాన్రీ టింకర్‌బెల్ మాత్రం అమెరికాలో, ఆయన సొంత ఊరు క్లీవ్‌లాండ్ చారిత్రక సంఘం దగ్గరుంది. రాజుల నౌకలుండాల్సిన చోట ఒక కార్ల వ్యాపారి షికారు పడవ, ఒక ప్రూఫులు దిద్దేవాడి పడవ. మ్యూజియంల గురించి నాకున్న గౌరవం ఈ రెండింటి వల్ల బాగా పెరిగింది.